ఇరవయ్యో వంతు అంబాసిడర్ కారు



వరండాలో బల్ల మీద ఉన్న చెక్క కారు ఎక్కడ కొన్నావే అని ఆరో తరగతి పిల్లలు నన్ను రోజూ అడుగుతున్నారు. కొనలేదు. సైన్సు ప్రదర్శనకి నేనే చేసేను. ఎలా చేసేనో, మధ్యలో ఎక్కడ పాడుచేసేనో అన్నీ ఈ నెల గోడపత్రికలో రాయమని లెక్కల మాస్టారు చెప్పేరు. పాడుచేసినది కూడా రాయాలా అంటే అదే ముందు రాయాలి అన్నారు. తప్పులుంటే మన్నించవలెను.

ముందుగా నమూనా అంటే ఏమిటో తెలుసుకుందాం. బొమ్మ వేరు, నమూనా వేరు. బొమ్మకారు చూడ్డానికి కారులా ఉంటే చాలు. నమూనాకి ఒక షరతు ఉంది. అసలు వస్తువులో ఉన్న ప్రతి కొలతనీ ఒకే అంకెతో భాగించాలి. పొడవుని 20తో భాగిస్తే వెడల్పునీ 20తోనే, చక్రాన్నీ 20తోనే, కిటికీనీ 20తోనే భాగించాలి. ఒక్కటి తప్పినా అది మళ్ళీ బొమ్మ అయిపోతుంది. సాంఘికశాస్త్రంలో మ్యాపు కింద స్కేలు అని చూస్తాం కదా, అదే ఇది. మ్యాపుకి ఎత్తు ఉండదు, దీనికి ఉంటుంది. అంతే తేడా.

ఇలాంటి కార్లు ప్రపంచంలో చాలామంది చేస్తారు. అమెరికాలో స్టాక్ కార్ల పందేలని ఉన్నాయి. స్టాక్ అంటే దుకాణంలో అమ్మకానికి పెట్టిన సరుకు. పందెం కోసం వేరేగా కట్టిన బండి కాకుండా, జనం కొనుక్కునే మామూలు కారుతోనే పోటీ పడడం అక్కడ మొదలయ్యింది. 1948లో నాస్కార్ అనే సంస్థ పెట్టి వాటికి నియమాలు రాసుకున్నారు. (ఇప్పటివి పైకి మామూలు కారులా కనిపిస్తాయి గాని లోపలంతా పందేనికే కట్టినవి. మాస్టారు ఈ సంగతి చెప్పినప్పుడు నాకు కొంచెం మోసంలా అనిపించింది.) ఆ కార్ల నమూనాలు ప్లాస్టిక్ ముక్కలుగా పెట్టెల్లో అమ్ముతారు. అతికించి రంగు వేసుకోవాలి. అవి 24వ వంతు, లేకపోతే 25వ వంతు ఉంటాయి. 24 ఎందుకంటే వాళ్ళవి అడుగులు, అంగుళాలు. అడుగుకి 12 అంగుళాలు. దాన్ని 24తో భాగిస్తే అర అంగుళం వస్తుంది. మనవి సెంటీమీటర్లు కాబట్టి మనకి 20 సులువు. అసలు కారు మీద 20 సెంటీమీటర్లయితే నమూనా మీద 1 సెంటీమీటరు.

నేను కూడా దుకాణం కారే ఎంచుకున్నాను, మన దేశంలో తయారైన అంబాసిడర్. 1957 నుంచి 2014 దాకా కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు చేసేరు. ఇంగ్లాండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు దీనికి మూలం. ఇన్నేళ్ళూ దాని రూపం పెద్దగా మారలేదు. ఇదొక కారణం. ఇంకో కారణం మా ఇంటిది. మేము జాతాపులం, మాది కొండమీద గూడ. నేను పుట్టే ముందు అమ్మకి నొప్పులొస్తే డోలీ కట్టి కొండ దించేరట. కింద గెడ్డ దగ్గర కిరాయికి మాట్లాడిన తెల్ల అంబాసిడర్ నిలబడి ఉందట. అందులో పార్వతీపురం తీసుకెళ్ళేరు. అమ్మ ఇప్పటికీ "నిన్ను తెల్లకారే తెచ్చింది" అంటుంది. అమ్మ కారెక్కడం అదే మొదటిసారి. నేను కూడా ఎక్కినట్టే గాని నాకేటి గుర్తుంటుంది.

ఇక కొలతలు. బొబ్బిలిలో ఒక మెకానిక్ షెడ్డు వెనక పాత అంబాసిడర్ పడి ఉంది. ఇంజను లేదు. లోపల కోళ్ళు పొదుగుతున్నాయి. మేడం గారి అనుమతి తీసుకొని, వంట అక్క తోడు రాగా, నేనూ నా స్నేహితురాలూ ఒక శనివారం వెళ్ళి టైలరు టేపుతో కొలిచేము. పొడవు 432 సెం.మీ., వెడల్పు 166, ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి 246. ఎత్తు 155 వచ్చింది. రాసేసుకున్నాము. షెడ్డాయన చూసి "టైర్లలో గాలి లేదమ్మా, బండి కిందికి కూర్చుంది, నాలుగు కలుపుకోండి" అన్నాడు. అందుచేత 159. టైరు కూడా నిలువుగా కొలిస్తే తప్పు వస్తుంది, కింద చదునైపోయింది కదా. అడ్డంగా కొలిచేము, 66 వచ్చింది. కొలిచే ముందు ఆ వస్తువు సరిగ్గా ఉందో లేదో చూడాలని నాకు అప్పుడు తెలిసింది.

వీటన్నిటినీ 20తో భాగిస్తే పొడవు 21.6, వెడల్పు 8.3, ఎత్తు 7.95, చక్రాల మధ్య 12.3, టైరు 3.3 సెంటీమీటర్లు. ఇంతవరకు ఐదో తరగతి పిల్లలైనా చేస్తారు. కష్టం ఎక్కడంటే అంబాసిడర్‌లో తిన్నని గీత ఒక్కటీ లేదు, అంతా వంపులే. వంపుని టేపుతో ఎలా కొలుస్తారు?

మేము ఇలా చేసేము. కారు పక్కన నేలమీద ముందు నుంచి వెనక దాకా 20 సెంటీమీటర్లకి ఒక సుద్దగీత పెట్టేము. ప్రతి గీత మీద ఒక కర్ర నిలువుగా నిలబెట్టేము. నిలువు సరిగ్గా ఉందా అని చూడ్డానికి దారానికి రాయి కట్టి వేలాడదీసేము. ఇంకో కర్రని అడ్డంగా పట్టుకొని, అది కారు పైభాగానికి తగిలినచోట నిలువు కర్ర మీద గుర్తు పెట్టేము. ఆ గుర్తు ఎత్తు కొలిచి రాసుకున్నాము. ముందు బంపరు దగ్గర ఎత్తు తక్కువ, బానెట్టు దగ్గర పెరుగుతుంది, అద్దం దగ్గర ఒక్కసారి లేస్తుంది, కప్పు మీద కాసేపు అలాగే ఉండి, డిక్కీ దగ్గర దిగిపోతుంది. ఇంటికొచ్చేక, అంటే హాస్టలుకి వచ్చేక, గ్రాఫు కాగితం మీద సెంటీమీటరుకి ఒక చుక్క పెట్టి, ప్రతి ఎత్తునీ 20తో భాగించి, చుక్కలు కలిపితే కారు పక్కవాటం వచ్చేసింది! లెక్కల్లో గ్రాఫులు ఎందుకు గీస్తామో నాకు అప్పటిదాకా తెలీదు. ఆ రాత్రి స్టడీ అవరులో ఆ కాగితాన్ని అందరికీ చూపించి తిట్లు తిన్నాను.

చెక్క గురించి చెప్తాను. మన బొబ్బిలి వీణలు గొల్లపల్లిలో చేస్తారని అందరికీ తెలుసు. పనస చెక్కతో చేస్తారు. పెద్ద వీణలే కాదు, బహుమతిగా ఇచ్చుకోవడానికి అద్దాలపెట్టెలో పెట్టే చిన్న చిన్న వీణలు కూడా అక్కడ చేస్తారు. అంటే మన ఊళ్ళో నమూనాల పని ఎప్పటినుంచో ఉన్నదే. అక్కడ పనిచేసే ఒక తాతగారిని అడిగితే రెండు పనస ముక్కలు ఇచ్చేరు. డబ్బులు తీసుకోలేదు. "పొయ్యిలోకి పోయే ముక్కే కదమ్మా" అన్నారు. పనస చెక్క పసుపుగా ఉంటుంది, రానురాను గోధుమరంగులోకి తిరుగుతుంది. చెక్కడానికి మెత్తగా ఒదుగుతుంది. చెక్కలో పేళ్ళు ఎటు నడుస్తున్నాయో చూసి, కారు పొడవు అటే వచ్చేలా పెట్టుకోవాలని ఆయనే చెప్పేరు. అడ్డంగా పెడితే బంపరు చెక్కేటప్పుడు ముక్క విరిగిపోతుంది.

ఒక ముక్క కింది భాగానికి, ఒక ముక్క కప్పుకి. రెండూ వడ్రంగి బంకతో అతికించి ఒక రోజు తాళ్ళతో బిగించి ఉంచేను. గ్రాఫు బొమ్మని కత్తిరించి చెక్కకి రెండు పక్కలా అంటించి, రంపంతో బయట బయట కోసి, ఉలితో చెక్కి, ఆకురాయితో రాసేను. పై నుంచి చూస్తే ఎలా ఉంటుందో దానికి ఇంకో బొమ్మ కావాలి, అదీ చేసేను. పన్నెండు సాయంత్రాలు పట్టింది. వేలు రెండుసార్లు తెగింది. ఉలికి ఎదురుగా చెయ్యి పెట్టకూడదు, ఉలి నడిచే వైపుకి వెనకాలే చెయ్యి ఉండాలి.

చక్రాల దగ్గర తప్పు చేసేను. మన ఊళ్ళలో తమ్ముళ్ళు పాత హవాయి చెప్పుని గుండ్రంగా కోసి బండి చేసుకుంటారు కదా, నేనూ అలాగే కోసేను. 3.3 మరీ చిన్నగా కనిపించి, అందంగా ఉంటుందని 4 సెంటీమీటర్లు కోసేను. కారుకి పెట్టేను. ఏదో తేడాగా ఉంది గాని ఏమిటో తెలీలేదు. మాస్టారు చూసి "నాలుగుని ఇరవైతో హెచ్చవెయ్యి" అన్నారు. 80 సెంటీమీటర్లు. "ఇది కారా, ట్రాక్టరా?" అన్నారు. క్లాసంతా నవ్వేరు. మళ్ళీ 3.3కి కోసేను. అప్పుడు చూస్తే నిజం కారు. కంటికి ఏదో తేడా అని తెలుస్తుంది గాని, ఎక్కడో చెప్పేది లెక్కే.

ఒక తమాషా కూడా చెప్తాను. అంబాసిడర్ బరువు సుమారు 1,100 కిలోలు. మరి నమూనా బరువు అందులో 20వ వంతు ఉండాలా? 55 కిలోలు! నా బరువు కంటే ఎక్కువ. అలా కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 20 వంతులు తగ్గేయి కాబట్టి బరువు 20 × 20 × 20, అంటే 8,000 వంతులు తగ్గాలి. 1,100 కిలోలని 8,000తో భాగిస్తే 137 గ్రాముల పైచిలుకు. నా కారుని వంటగదిలో కాటా మీద పెడితే అర కిలో దాటింది. ఎందుకంటే అసలు కారు రేకుతో చేసిన డొల్ల, మనుషులు కూర్చోవాలి కదా. నాది నిండు చెక్క. రంగు వేసే చోటు మాత్రం 20 × 20, 400 వంతులు తగ్గుతుంది. అందుకే చిన్న సీసాడు రంగు సరిపోయి ఇంకా మిగిలింది.

రంగుల పాఠం నాకు సాలూరులో దొరికింది. సాలూరు లారీలకి పేరుపడ్డ ఊరు. విజయనగరం నుంచి కొరాపుట్ వైపు వెళ్ళే 26వ నెంబరు జాతీయ రహదారి మీద ఉంది, ఇదివరకు దాన్ని 43 అనేవారు. అక్కడ లారీలకి బాడీలు కట్టే షెడ్లు, రంగులేసే షెడ్లు ఉన్నాయి. మా మావయ్య అలాంటి ఒక షెడ్డులో రంగు పనికి వెళ్తాడు. ఆయన చెప్పినది ఏమిటంటే రంగు అన్నది ఆఖరి పని, దానికి ముందు పనే ఎక్కువ. చెక్కని ఉప్పుకాగితంతో ముందు గరుకుదానితో, తర్వాత నున్నదానితో రుద్దాలి. లప్పం పలచగా పెట్టి గుంటలు పూడ్చాలి. ఆరేక మళ్ళీ రుద్దాలి. చెక్క ప్రైమరు వెయ్యాలి. ఆరేక మళ్ళీ రుద్దాలి. కళ్ళు మూసుకొని చెయ్యి పెడితే అది చెక్కో గాజో తెలియకూడదట. నేను అంతదాకా రుద్దలేదు, నిజం చెప్తున్నాను. వెనక డిక్కీ కింద చూస్తే తెలుస్తుంది.

తలుపుల గీతలు ప్రైమరు మీదే సూదితో గీసేను. అసలు కారులో తలుపుకీ బాడీకీ మధ్య సందు 5 మిల్లీమీటర్లుంది. దాన్ని 20తో భాగిస్తే పావు మిల్లీమీటరు. పెన్సిలు గీత కూడా అంతకంటే లావు.

ఇప్పుడు పాడుచేసిన సంగతి. హాస్టలు తలుపులకి వెయ్యగా మిగిలిన తెల్ల ఎనామిలు ఉంటే ఒక పూత వేసేను. మర్నాడు మావయ్య పంపిన చిన్న సీసా వచ్చింది, అది డ్యూకో రంగు. తెల్లదే కదా అని దాని మీద వేసేసేను. నేను చూస్తుండగానే కారు ముడతలు పడిపోయింది. పాల మీద మీగడని వేలితో జరిపితే ఎలా ముడుచుకుంటుందో అలాగ. నేను ఏడ్చేను. ప్రదర్శనకి ఇంకా పద్దెనిమిది రోజులే ఉంది.

ఫోనులో మావయ్య చెప్పేడు. రెండూ ఆరడం ఒకలా ఆరవు. డ్యూకోలో టిన్నరు గాలిలోకి ఎగిరిపోతుంది, రంగు మిగిలిపోతుంది, పావుగంటలో ఆరుతుంది. ఎనామిలు అలా కాదు. అది గాలిలో ఆక్సిజన్ పట్టుకొని నెమ్మదిగా గట్టిపడుతుంది. పైకి ఆరినట్టుంటుంది గాని లోపల చాలా రోజులు మెత్తగానే ఉంటుంది. డ్యూకోలోని టిన్నరు ఘాటైనది, కింద ఉన్న మెత్తని ఎనామిలుని కరిచేస్తుంది. అది ఉబ్బి ముడుచుకుంటుంది. డ్యూకో ఆరేక దాని మీద ఎనామిలు వేస్తే ఏమీ కాదు. ఎనామిలు మీద డ్యూకో వెయ్యకూడదు. సైన్సు మేడం గారు విని, ఇది ఇనుము తుప్పు పట్టే పాఠానికి చుట్టమే, అక్కడా ఆక్సిజనే అన్నారు.

అంతా గీకేసి, మళ్ళీ రుద్ది, మళ్ళీ ప్రైమరు వేసి, ఈసారి డ్యూకోనే పలచగా మూడు పూతలు వేసేను. మందంగా ఒక్క పూత వేస్తే తలుపుల గీతలు పూడిపోతాయి. అసలు కారు మీద రంగు మొత్తం మందం మిల్లీమీటరులో పదోవంతు ఉంటుంది. దాన్ని 20తో భాగించి వెయ్యడం ఎవరివల్లా కాదు. అన్నిటినీ భాగించేను గాని రంగుని భాగించలేకపోయేను. వానరోజు వేసిన రెండో పూత తెల్లబారి సున్నంలా అయిపోయింది కూడా. గాలిలో తేమ ఉంటే డ్యూకోకి అలా అవుతుంది. అది కొట్టొచ్చినట్టు కనబడలేదు, రంగు తెల్లదే కాబట్టి. నల్లకారు చేసి ఉంటే నా పని అయిపోయేది. టిన్నరు వాసన మంచిది కాదు, నిప్పు కూడా తొందరగా అంటుకుంటుంది. అందుచేత ఈ పనంతా వరండాలో, వంటగదికి దూరంగా చేసేను. వార్డెను మేడం గారు అలా అయితేనే ఒప్పుకున్నారు.

బంపర్లకి చాక్లెట్టు వెండి కాగితం, లైట్లకి మాత్రల అట్టలోని బుడిపెలు.

కిందటి ఆదివారం మా అయ్య నన్ను చూడ్డానికి వచ్చేడు. కారుని చేతిలోకి తీసుకొని, బోర్లించి, మళ్ళీ తిప్పి చూసేడు. "ఇదే. దీని ముక్కు ఇలాగే ఉంటాది" అన్నాడు. ఒకటికి ఇరవై అని నేను అంతా చెప్పేను. కాసేపు ఆగి "మన గూడకి ఎల్తాదేటి?" అన్నాడు.

నవ్వుతాలికి అన్నాడనుకొని "చెక్కది కదయ్యా" అన్నాను.

"అది కాదే. దారిని కూడా ఇరవైతో తగ్గించి సూడు" అన్నాడు.

మా దారిలో పెద్ద బండ దగ్గర ఒక ఇరుకు ఉంది. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ. అక్కడ దారి రెండు మూరలు అన్నాడు. ఎవరి మూర అంటే "నాదే" అని చెయ్యి చాపేడు. టేపుతో కొలిచేను, 46 సెంటీమీటర్లు. రెండు మూరలంటే 92. దాన్ని 20తో భాగిస్తే 4.6. కారు వెడల్పు 8.3. చక్రానికీ చక్రానికీ మధ్య అడ్డంగా కూడా కొలిచేము, నమూనాలో 6.7 ఉంది. బల్ల మీద సుద్దతో 4.6 సెంటీమీటర్ల దారి గీసి, కారుని కొండవైపు చక్రం గీత మీద ఉండేలా పెట్టేను. రెండో చక్రం 2.1 సెంటీమీటర్లు బయటకి ఉంది. హెచ్చవేస్తే 42 సెంటీమీటర్లు, గాలిలో.

అయ్య చూసి "అందుకే డోలీ. ముందొకడు, ఎనకొకడు. పక్కన ఎవడూ ఉండడు" అన్నాడు. అయ్యకి అక్షరాలు రావు. నేను ఇన్నాళ్ళూ కారుని కొలిచేను గాని దారిని కొలవాలని నాకు తోచలేదు.

ఇప్పుడు అమ్మలాగే మా పిన్నికి నెలలు నిండుతున్నాయి. సంక్రాంతికి అంటున్నారు.

సాంఘికశాస్త్రం మాస్టారిని రోడ్డు ఎంత వెడల్పు ఉండాలి అని అడిగేను. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మామూలుగా 3.75 మీటర్లు వేస్తారని, బళ్ళు తక్కువ తిరిగే చోట 3 మీటర్లు కూడా వేస్తారని చెప్పేరు. 20వ వంతులో అది 18.75, ఇది 15. కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఊరిని కూడా ఆ పథకంలో లెక్కలోకి తీసుకున్నారట. మా గూడలో ఎంతమందిమి ఉన్నామో నాకు తెలీదు. అయ్యని అడిగితే ఇళ్ళు చెప్పేడు గాని మనుషులు చెప్పలేకపోయేడు. దసరా సెలవులకి వెళ్ళినప్పుడు ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకొస్తాను. పక్క గూడ కూడా ఆ దారే, వాళ్ళనీ రాస్తాను. బండ దగ్గర దారిని టేపుతో మళ్ళీ కొలుస్తాను, మూరతో చెప్పినది సరిపోయిందో లేదో.

ఈలోగా బల్ల మీద మట్టితో దారి కూడా చేసి పెట్టేను. బండ దగ్గర 4.6, కొండ, లోయ, గెడ్డ అన్నీ 20వ వంతే. పక్కన 18.75 సెంటీమీటర్ల కాగితం ముక్క అంటించేను. చూసేవాళ్ళు కారుని తీసి రెండిటి మీదా పెట్టి చూడొచ్చు. ఈ వారం మాత్రం వద్దు. కుడిపక్క తలుపు దగ్గర నల్ల ఎనామిలు ఇంకా గట్టిపడలేదు, మట్టి కూడా తడిగానే ఉంది. ఆరో తరగతి పిల్లలకి మరీ మరీ చెప్తున్నాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని